కంఠాభరణము వంటి సంఖ్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



గ్రంథాలయ చరిత్రమును పెద్దలు చక్కగా సెలవిచ్చిరి. నేను ఊరి లెక్కలు వ్రాసి కాలము గడపినవాడను. గురువు నొద్ద శాస్త్రము చదివినవాడను కాను. ఈ గ్రంథాలయపు బల్లమీద నిఘంటువు పెట్టుకొని, కూడబలుకుకొని చదివిన పుస్తకములలో నాకు దొరకిన ఒక్క సంఖ్యను గూర్చి మనవి చేసెదను.

“వికటకవి” అను మాట ఎటు చదివినను ఒక్కటే యని పిల్లలకును తెలియును. అంకెలలోను అట్టివి కలవు. క్రీ.శ. 9వ శతాబ్దమున, రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున, మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహము’ రచించెను. దానిని తెనుగు చేసినవాడు మన పావులూరి మల్లన. ఇరువైపుల ఒకే తీరున నుండు ఫలములను మహావీరుడు హారములతో పోల్చెను. ఒకటి మొదలు ఆరు వరకు పెరిగి, మరల క్రమముగా తగ్గునది యని అతడు చెప్పిన సంఖ్య ఇది: 12345654321. అనగా 1234 కోట్ల 56 లక్షల 54 వేల 321.

ఇది 111111ను దానిచేతనే గుణింపగా వచ్చును. పలకమీద వేసి చూడుడు. ఆరు ఒకట్ల వరుసను, ఒక్కొక్క స్థానము ఎడమకు జరుపుచు, ఆరు మారులు వ్రాయుదుము. కుడి చివర నిలువు వరుసలో ఒక్క ఒకటియే పడును; తరువాత రెండు, మూడు; నడుమ ఆరు; పిమ్మట తగ్గును. ఇంతియే రహస్యము. అంకెలన్నియు కూడిన 36. అదియు ఆరింటి వర్గమే. 111111 అనగా 3, 7, 11, 13, 37ల లబ్ధము గనుక, మన సంఖ్యను ఈ యైదును రెండేసి మారులు నిశ్శేషముగా భాగించును. తొమ్మిది ఒకట్ల వరకు ఈ సొగసు నిలుచును. పది ఒకట్లను వర్గించినచో నడిమి స్థానమున పది వచ్చి, ఒకటి ఎడమకు జరిగి, హారము తెగి 1234567900987654321 అగును.

ఇక నా తప్పు ఒకటి చెప్పవలెను. ఒక యేడు శిస్తు లెక్క ఎత్తి వ్రాయుచు, ఒక పేదరైతు పేర 45 రూపాయలకు 54 వ్రాసితిని. మొత్తమును తొమ్మిదితో శోధించితిని; సరిపోయెను. సరిపోక యేమి? అంకెలు తారుమారైనపుడు వచ్చు భేదము ఎల్లప్పుడును తొమ్మిదిచేత భాగింపబడును. ఆ శోధన ఈ తప్పును ఎన్నటికిని పట్టజాలదు. ఆ తొమ్మిది రూపాయలకై అతడు ఇంటిలోని కంచుచెంబు కుదువపెట్టెను.

తప్పు పట్టినవాడు అతని కుమారుడు. ఈ గ్రంథాలయమున అంకెలు నేర్చిన బాలుడు. పాత రసీదును క్రొత్త రసీదును ప్రక్కప్రక్కన పెట్టి చూపెను. నేను సిగ్గుపడి సొమ్ము తిరిగి యిచ్చితిని, చెంబును విడిపించితిని.

మహావీరుని సంఖ్యను తిరుగవేసినను భేదము సున్న. మన లెక్కల కా భాగ్యము లేదు. కావున నాటినుండి ప్రతి పుటను క్రిందినుండి మీదికిని చదువుచున్నాను; రైతుచేత అతని అంకె అతనినే చదివించుచున్నాను. చదువలేనివానికి ఈ గ్రంథాలయపు త్రోవ చూపుచున్నాను.

సెలవు.