గుర్రం పోయినా బొమ్మ మిగులుతుంది



ఒకప్పుడు మన హిందూపురం, పెనుకొండ వైపు జట్కా లాగే గుర్రమంటే ఇంటిమనిషితో సమానం. అది కన్నుమూస్తే, కొయ్యకు వేలాడే ఖాళీ గుగ్గిళ్ల సంచి చూసినా కడుపు తరుక్కుపోయేది.

ఈ దుఃఖం ఏనాటిదో! 1576 నాటి హల్దీఘాటీ యుద్ధంలో రాణా ప్రతాప్‌ను మోసిన గుర్రం చేతక్‌కు అక్కడ స్మారకం కట్టారు. బౌద్ధ కథల్లో సిద్ధార్థుడి ఎడబాటు ఓర్వలేక ప్రాణం విడిచిన కంథకాశ్వాన్ని మన అమరావతి శిల్పులు రాతిలో నిలిపారు.

రాతిలోనే కాదు, తోలులోనూ గుర్రాన్ని నిలపవచ్చు. ధర్మవరం దగ్గర తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంటకు వెళ్లి చూడండి. మేకతోలును వెలుతురు పారేంత పల్చగా చేసి, బొమ్మ గీసి, చిన్న ఉలితో చిల్లులు పొడిచి, రంగులద్దుతారు. వెనక దీపం పెడితే తోలుగుర్రం తెరమీద పరుగు తీస్తుంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

పోయిన గుర్రం బొమ్మ గీయాలంటే చెవుల వంపు, నుదుటి చుక్క, జూలు అన్నీ గుర్తు చేసుకోవాలి. ఆ తలపుల్లోనే గుండె బరువు కొంత దిగుతుంది. మీరూ ఏ మూగజీవాన్నైనా పోగొట్టుకుని ఉంటే, ఒక బొగ్గుముక్క చేతికి తీసుకోండి. వచ్చినట్టే గీయండి.