విశ్రాంతి హక్కు – ఆరోగ్య బాధ్యత
(గరాచర్మలో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



రైలుమార్గమే లేని ఈ దీవులకు మనలో ఎందరో సెలవు ప్రయాణ రాయితీపై వచ్చి సేదదీరిన వారమే. 2020లో కోవిడ్ ఆ ప్రయాణములను ఆపివేసినది. ఆ యేడు అక్టోబరు 12న ప్రభుత్వము రాయితీకి బదులుగా నగదు వోచరు పథకమును ప్రకటించినది. వోచరుతో వస్తువులు కొనవచ్చును గాని విశ్రాంతిని కొనలేము.

విశ్రాంతి మన హక్కయినట్లే, ఆరోగ్యము ఈ దీవులవారి హక్కు. 1877లో బయటినుండి వచ్చిన తట్టు వ్యాధి గ్రేట్ అండమానీయులను ఘోరముగా బలిగొన్నది. ఒకనాడు వేలసంఖ్యలో ఉండిన ఆ జాతి నేడు కొన్ని పదులకు తగ్గినది. 2020 ఆగస్టులో కోవిడ్ వారినీ తాకినది.

కావున మరల అట్టి కాలము వచ్చినచో బృంద విహారములకు కొన్ని నియమములు తప్పవు. చిన్న జట్లుగా వెళ్లవలెను. సభలు, భోజనములు ఆరుబయట జరుపవలెను. బస్సులో కిటికీలు తెరచి, మాస్కులు ధరింపవలెను. ఎవరినీ రమ్మని నిర్బంధింపరాదు. జ్వరము సోకినవారు ఆగిపోవలెను. ఆగినందుకు వేతనము గాని, సెలవు గాని కోతపడదని యాజమాన్యమునుండి ముందే వ్రాతపూర్వకముగా హామీ పొందవలెను.

కోతకు భయపడియే మనిషి జ్వరమును దాచును. ఆ భయమును తొలగించుటయే సంఘము చేయవలసిన మొదటి ఏర్పాటు.