గది చీటీ, ఓటు చీటీ

(ఒక కళాశాల వసతిగృహ విద్యార్థుల సభయందు మేము చేసిన ఉపన్యాసము.)



“విద్యార్థులు – స్వపరిపాలనము” అను విషయమును గూర్చి మాటలాడవలసినదని మీ కార్యదర్శిగారు కోరిరి. విషయము పెద్దది, కాలము స్వల్పము. కావున పెద్ద మాటలను విడిచి రెండు చిన్న సంగతులనే తీసికొందుము. ఒకటి మీ సంఘపు ఎన్నికల నిబంధనలు. రెండవది మీ హాస్టలు గదుల పంపకము. ఈ రెంటికిని సంబంధమేమని కొందరడుగవచ్చును. గదులు పంచువాడే ఓట్లడుగువాడైనచోట ఆ సంబంధమును ఎవ్వరును వివరింపనక్కరలేదు.

ముందుగా మా తప్పిదమొకటి చెప్పుకొనవలసియున్నది. మేము చదువుకొన్న దినములలో మా హాస్టలునందు గదులు పంచు భారము విద్యార్థి ప్రతినిధులదే. ఆ యేడు కార్యదర్శిగా గెలిచినవాడు మా మిత్రుడు. అతని నామినేషను పత్రమును బలపఱచినవారము మేమే. క్రింది అంతస్తున, రెండు కిటికీలు గలిగి, కుళాయికి దగ్గఱగా నున్న గది మాకు వచ్చినది. ఎట్లు వచ్చినదని మేమడుగలేదు, అడుగవలెనని తోచనైనలేదు. పోలియోవలన ఒక కాలు చచ్చుపడిన బాలుడొకడు చేతికఱ్ఱతో రెండవ అంతస్తునకు ఎక్కుచు దిగుచుండెను. అతడు ఫిర్యాదు చేయలేదు. నిబంధనయే లేనప్పుడు దేనిని చూపి ఫిర్యాదు చేయును? మఱుసటి యేడు ఎదుటి పక్షమువారు గెలిచి, మమ్ము పైకి పంపి, ఆ గదిని తమవానికిచ్చుకొనిరి. అప్పుడుమాత్రము మేము అన్యాయమని గట్టిగా అఱచితిమి! ఆ బాలుడు రెండవ అంతస్తుననే యుండెను.

ఇట్టి బాధలు లేకుండ చీట్లు తీయుట మేలని మీలో పలువురు చెప్పుచున్నారు. మేలే. ఈ పద్ధతి దక్షిణదేశమునకు క్రొత్తది కాదు. కాంచీపురము దగ్గఱ ఉత్తరమేరూరను ఊరు కలదు. మొదటి పరాంతక చోళుని కాలమున, అనగా 10వ శతాబ్దమున, అచ్చటి గ్రామసభవారు వ్రాసికొన్న నియమములు శాసనరూపమున నేటికిని నిలిచియున్నవి. ఊరిని 30 వాడలుగా విభజించిరి. అర్హుల పేర్లు ఆకులపై వ్రాసి, కుండలో వేసి, ఒక చిన్న బాలునిచేత తీయించిరి. అంతకుముందు 3 సంవత్సరములలో పదవి వహించినవానికి అవకాశము లేదు. పదవియందుండి లెక్క ఒప్పగింపనివాడే గాక, వాని దగ్గఱి బంధువులును అనర్హులు. ఈ చివరి నియమమును మన పురపాలక సంఘములలో నేడు అమలు జరిపినచో ఎన్ని కుర్చీలు ఖాళీయగునో!

కాని ఆ కుండలో ఎవరి పేర్లు పడెను? పన్ను చెల్లించు భూమియు, సొంత స్థలమున ఇల్లును, వేదవిద్యయు గల 35 మొదలు 70 ఏండ్లలోపు వారి పేర్లు మాత్రమే. స్త్రీ పేరు లేదు. ఆ భూమిని దున్నిన కూలివాని పేరు లేదు. చీటీ తీసిన బాలునకు పక్షపాతము లేకపోవచ్చును. చీట్లు వ్రాయునాడే పక్షపాతము జరిగిపోయినది.

ఈ దృష్టితోనే మీ ఎన్నికల నిబంధనలను చూడుడు. కేరళ విశ్వవిద్యాలయపు వ్యాజ్యమున సుప్రీంకోర్టువారి ఆదేశముపై ఏర్పడిన లింగ్డో సంఘము 2006లో కొన్ని సిఫారసులు చేసెను. ఆ సంవత్సరముననే న్యాయస్థానము వానిని అమలుపఱుపుమని ఆజ్ఞాపించెను. అభ్యర్థి ఖర్చు 5000 రూపాయలకు మించరాదు. అచ్చు వేసిన పోస్టర్లు కూడవు. ఫలితము వెలువడిన రెండు వారములలో లెక్కలు చూపవలెను. ఇవి మంచి నియమములు. ధనికుని కుమారునకును పేదవాని కుమారునకును నడుమ దూరమును కొంత తగ్గించును. వీనిని సడలింపుమని ఎవరైన అడిగినచో వారి జేబును పరీక్షింపుడు.

అయితే అదే నివేదికలో, 75 శాతము హాజరు ఉండవలెననియు, పోటీ చేయు సంవత్సరమున తప్పిన పేపరొక్కటియు ఉండరాదనియు కలదు. రాత్రి పెట్రోలు బంకులో పనిచేసి పగలు తరగతికి వచ్చువాడు ఆ హాజరెట్లు తెచ్చును? తెలుగు మాధ్యమమున చదివి వచ్చి, మొదటి సెమిస్టరున ఇంగ్లీషు పేపరు తప్పిన పల్లెటూరి బాలిక ఓటు వేయవచ్చును గాని నిలువరాదట. ఆమె కష్టము ఎఱిగిన ప్రతినిధి ఎక్కడినుండి వచ్చును? చదువు మాని సంఘమునే వృత్తిగా పెట్టుకొను “శాశ్వత విద్యార్థులు” చొరబడుదురను భయము నిరాధారము కాదు; అట్టివారిని మేమును చూచితిమి. కాని వారిని ఆపుటకు వయఃపరిమితి కలదు; ముఖ్యపదవులకు ఒక్క పర్యాయమే పోటీ చేయవలెనను నియమము కలదు. అవి చాలునని మా అభిప్రాయము. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున ఈ నిబంధనల వివాదముననే 2008లో ఎన్నికలు నిలిచిపోయి, 2012లో కొన్ని సడలింపులతో మరల జరిగినవి. కావున మార్పు కోరుట అపరాధము కాదు. అయితే నామినేషనులు వేసిన పిదప కోరరాదు. అప్పుడు కోరువాడు నియమమును గాక తన గెలుపును కోరుచున్నాడు.

ఇక గదులు. ముందు అవసరము, పిదప చీటీ. నడువలేనివానికి క్రింది గది దయాభిక్షము కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము విద్యాలయములపై మోపిన బాధ్యత అది. క్రొత్తవారిని వీలైనంతవఱకు వేఱు భాగమున ఉంచవలెనని యు.జి.సి. వారి 2009 నాటి ర్యాగింగు నిరోధక నిబంధనలు చెప్పుచున్నవి. ఈ రెండును తీసివేయగా మిగిలిన గదులకే చీట్లు. చీటీ తీసిన మఱునాడే నెల మెస్సు బిల్లునకు మంచి గదిని కొనుక్కొనువారు కలరని వింటిమి. గదులు మార్చుకొనువారిరువురును వార్డెను పుస్తకమున కారణము వ్రాసి సంతకము చేయవలెనన్నచో ఈ వ్యాపారము చాలవఱకు తగ్గును.

మీ ఎన్నికలు విద్యాసంవత్సరము మొదలైన కొన్ని వారములకు గాని జరుగవు. కనుక గదులు పంచువారు దిగిపోవుచున్న పాత ప్రతినిధులే. వారును, వారిని బలపఱచినవారును అందఱికంటె చివర చీటీ తీయుదురని ఈ వారముననే నోటీసు బోర్డుపై వ్రాయించుడు. ఎవరి వంతు ఎప్పుడో తెలియకముందే వ్రాయించుడు. కుండలో చేయిపెట్టుటకు నిన్నగాక మొన్న చేరిన కుఱ్ఱవానిని పిలువుడు. కాలికి బాధ గలవారెవరో మాత్రము వారు వచ్చి చెప్పుదురని వేచియుండకుడు. మీరే పోయి అడుగుడు. మేము అడుగలేదు.