పసికంటిలో పందిరి



పెరట్లో చిక్కుడు పాదు పెడితే పందిరి వేస్తాం. పందిరి ఎటు ఉంటే తీగ అటు పాకుతుంది. తల్లి కడుపులో ఉన్న బిడ్డ కంటిలోనూ ఇటువంటి ఏర్పాటే ఉంది.

కంటి లోపల వెలుతురును గ్రహించే పల్చని పొర రెటీనా. మొదట్లో అందులో రక్తనాళాలు ఉండవు. నాలుగో నెలలో, మెదడుకు పోయే నరం దగ్గర మొదలై అంచులకు పాకుతాయి. చివరి అంచు చేరేసరికి నెలలు నిండుతాయి.

వీటికి పందిరి వేసేవి ఆస్ట్రోసైట్లనే సహాయక కణాలు. నక్షత్రంలా ఉంటాయి కనుక ఆ పేరు. ఇవి నాళాల కంటె ముందే వచ్చి వలలాగా అల్లుకుంటాయి. ప్రాణవాయువు చాలని చోట వి.ఇ.జి.ఎఫ్. అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. అది కబురు పంపడం వంటిది. నాళం కొసన ఉన్న కణం సన్నని పోగులు చాచి, వల పట్టుకొని ఆ దిక్కుకు పాకుతుంది. రక్తం అందగానే కబురు తగ్గుతుంది. ఎలుకపిల్లలకు ఈ నాళాలు పుట్టాకే పెరుగుతాయి గనుక, శాస్త్రజ్ఞులు ఈ వైనమంతా వాటి కళ్ళలో చూడగలిగారు.

మరి బిడ్డ నెలలు నిండకుండానే పుడితే? పందిరి మీద తీగ సగమే పాకి ఉంటుంది. బిడ్డ బతకాలంటే ఆక్సిజన్ పెట్టవలసి రావచ్చు. అది మోతాదు మించితే కబురు ఆగిపోతుంది, తీగా ఆగిపోతుంది. కొన్ని వారాలకు రెటీనాకు ఆకలి పెరిగి, కబుర్లు ముమ్మరమవుతాయి. అప్పుడు నాళాలు దారి తప్పి అడ్డదిడ్డంగా పెరుగుతాయి. చివరికి రెటీనాను లాగి ఊడదీస్తాయి. చూపు పోతుంది.

1942లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ టెర్రీ ఈ జబ్బును వివరించాడు. ఆక్సిజన్ ఎక్కువ కావడమే ముఖ్య కారణమని 1954లో గాని తేలలేదు. ఈలోగా వేలాది పసివాళ్ళు చూపు కోల్పోయారు. ఇప్పుడు ఆక్సిజన్ కొలిచి ఇస్తున్నారు. అయినా ప్రమాదం పూర్తిగా తొలగలేదు.

మన దేశంలో డాక్టర్లు చెప్పే లెక్క ఇది. 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల కంటె తక్కువ బరువున్నా, 30 రోజుల లోపల రెటీనా పరీక్ష చేయించాలి. 28 వారాల లోపు పుట్టినా, 1200 గ్రాముల కంటె తక్కువ బరువున్నా, రెండు మూడు వారాలకే చేయించాలి. నాళాలు అంచు చేరేదాకా డాక్టరు రమ్మన్నప్పుడల్లా మళ్ళీ వెళ్ళాలి. జబ్బు కనబడితే లేజర్‌తోనో, వి.ఇ.జి.ఎఫ్.ను అణిచే ఇంజెక్షన్‌తోనో చాలామంది బిడ్డల చూపు కాపాడవచ్చు.

చిక్కల్లా ఇక్కడే ఉంది. నెల దాటేదాకా పసిబిడ్డను గడప దాటించకూడదంటారు ఇంట్లో పెద్దవాళ్ళు. వాళ్ళ ఆరాటం బిడ్డకు గాలి, ధూళి సోకకూడదనే. కాని పరీక్షకు గడువు కూడా ఆ నెలే! పైకి చూస్తే కన్ను మామూలుగానే ఉంటుంది. బిడ్డ మన మొహం చూడడం లేదని పోల్చుకునేసరికి సమయం మించిపోతుంది. కనుక అత్తగార్లకూ, అమ్మలకూ నెమ్మదిగా నచ్చచెప్పండి. బిడ్డకు వెచ్చగా గుడ్డలు చుట్టి తీసుకువెళ్ళండి. డిశ్చార్జి రోజునే "కంటి పరీక్ష ఎప్పుడండీ?" అని డాక్టరును అడగండి.