వేలిముద్ర నుంచి సంతకం దాకా



మా హాస్టల్‌కు వచ్చే తల్లుల్లో చాలామందికి రిజిస్టర్‌తో పాటు ఇంకు ప్యాడ్ కూడా ఇవ్వాల్సి వస్తుంది. చేవెళ్ల, మొయినాబాద్‌లలో భూముల ధరలు మీకు తెలుసు. భూమి కాగితం మీద వేలిముద్ర వేసే మనిషికి, అందులో ఏముందో కొనేవాళ్లే చదివి చెప్తే ఎట్ల? 2011 జనగణన ప్రకారం తెలంగాణ గిరిజన మహిళల్లో చదవను రాయను వచ్చినవాళ్లు నూటికి 40 మంది కూడా లేరు.

నెల్లూరు జిల్లా దూబగుంట గురించి వినే ఉంటారు. 1990ల మొదట్లో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సారా గురించి చదివి, తమ ఇళ్ల సంగతి మాట్లాడుకున్నారు. అందరూ కలిసి ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది ఉద్యమమై, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

మన తండాల్లో ఇంటర్, డిగ్రీ చదివే ఒక్కొక్కరు ఐదుగురిని తీసుకోండి. కూలి నుంచి వచ్చి, వంట అయినంక ఒక గంట చాలు. టైము వాళ్లనే చెప్పమనండి. అర్థం గోర్‌బోలీలో చెప్పండి, అక్షరం తెలుగులో రాయించండి. ముందు వాళ్ల పేరు, తర్వాత బస్సు బోర్డు, పొదుపు సంఘం పుస్తకం, పట్టా పాసుపుస్తకం. పిల్లల ముందు తప్పులు ఎంచకండి. రెండు రోజులు రాకపోతే ఇంటికి పోయి పలకరించండి.

15 ఏళ్లు దాటినవాళ్ల కోసం 2022లో మొదలైన ఉల్లాస్ పథకం వాలంటీర్లతోనే నడుస్తుంది. మీ ఊరి బడిలో అడగండి. ఈ వారమే మీ యాడీతో మొదలుపెట్టండి.

జై సేవాలాల్.