సాగర్ రోడ్డు మీద తీజ్ బుట్టలు

 

వేదిక మీదున్న పెద్దలకు, నాయక్, కార్భారీలకు, ఊళ్లనుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన యాడీలకు, బాపులకు, వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా నమస్కారాలు. చూసుకోండి, పర్వాలేదు. ఇంట్లో మేమూ చేసేది అదే.

సంఘం వాళ్లు మాకిచ్చిన అంశం "పెరుగుతున్న పట్నం అంచున మన బతుకు". మేము అంటే దేవరకొండ వైపు తండాల నుంచి సాగర్ రోడ్డు మీదికి వచ్చి తుర్కయంజాల్ చుట్టుపక్కల కాలనీల్లో ఇళ్లు కట్టుకున్న మొదటి తరం. కొందరం ఆటో నడిపాం, కొందరం సెంట్రింగ్ పనికి పోయాం, ఒకరిద్దరం చదువుకుని టీచర్లమయ్యాం. నలుగురం కూర్చుని చెప్పుకున్న మాటల్ని ఒకరు కాగితం మీద పెట్టారు. తప్పులుంటే నలుగురినీ కలిపి తిట్టండి.

మేం ఎందుకు వచ్చామో మీలో చాలామందికి సరిగ్గా తెలియదు. "కరువొచ్చి వచ్చారు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. కరువు నిజమే. బోరు వేస్తే దుమ్ము లేచేది. నీళ్లు పడ్డచోట ఫ్లోరైడ్. మర్రిగూడ, నాంపల్లి వైపు మన చుట్టాల్లో వంగిపోయిన కాళ్లు, పచ్చబడ్డ పళ్లు మీరూ చూసే ఉంటారు. కానీ కరువొక్కటే అయితే మా తాతలు దాన్ని ఎన్నిసార్లు దాటలేదు? మా కళ్ల ముందు ఇంకొకటి జరిగింది. కోదండాపూర్‌లో శుద్ధి చేసిన కృష్ణా నీళ్లను గోడకొండ్ల, గున్‌గల్ మీదుగా సాహెబ్‌నగర్ దాకా తీసుకుపోవడానికి పెద్ద పెద్ద పైపులు వేశారు. ఆ కందకాలు తవ్వడానికి కూలికి పోయినవాళ్లం మాలో ఉన్నాం. 2004లో ఆ నీళ్లు హైదరాబాద్ చేరాయి. ఇంకో రెండేళ్లకు మేం కూడా అదే రోడ్డున బస్సెక్కాం. మా జిల్లా నీళ్లు ముందు పోయాయి, మేం వాటి వెనకాల పోయాం. నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, ఇక్కడికొచ్చాక కూడా చాలా ఏళ్లు ట్యాంకర్ వెంట బిందెలు పట్టుకుని పరుగెత్తాం. పైపు మాత్రం మెయిన్ రోడ్డు పక్కనుంచే పోయేది.

అప్పట్లో బి.ఎన్. రెడ్డి నగర్ దాటితే ఇళ్లు పలచబడేవి. రోడ్డుకు రెండు వైపులా జొన్న చేలు, ఆముదం చేలు, మధ్యమధ్యలో గుట్టలు. రాత్రి ఎనిమిది దాటితే షేరింగ్ ఆటో దొరికేది కాదు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటూ వచ్చి, మన బొంగులూరు దగ్గర సాగర్ రోడ్డును దాటింది. ఆదిబట్లలో కంపెనీలు వచ్చాయి. 2018 సెప్టెంబరులో ఎల్‌బీ నగర్ దాకా మెట్రో వచ్చింది. ఇవన్నీ మంచివే. మీలో ఎంతమంది పొద్దున ఆ మెట్రో ఎక్కి అమీర్‌పేట్ పోతున్నారో మాకు తెలుసు. కానీ ప్రతిసారీ ఒకటే జరిగింది. రోడ్డొస్తుందని ముందుగా తెలిసినవాడు కొన్నాడు, ఆ భూమి మీద బతికేవాడు అమ్మాడు. ఔటర్ చుట్టుపక్కల తండాల్లో మన వాళ్లకు ప్రభుత్వమిచ్చిన అసైన్డ్ భూములు ఉండేవి. వాటిని అమ్మకూడదని, కొనకూడదని 1977 నుంచే చట్టం ఉంది. అయినా తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని తీసుకున్నారు. కూతురి పెళ్లికో ఆస్పత్రికో అమ్మిన మనిషి, ఆ గేటు దగ్గరే వాచ్‌మన్‌గా కూర్చోవడం చూశాం.

బంజారాహిల్స్ పేరు తలచుకుని మనం గర్వపడుతుంటాం. ఒకప్పుడు అక్కడ మన వాళ్లు గుడిసెలు వేసుకుని ఉండేవారు కాబట్టే ఆ పేరు. పేరు మిగిలింది. 2022లో అక్కడ బంజారా భవన్ కూడా కట్టారు, చాలా సంతోషం. కానీ ఆ గుట్టల మీద మన ఇళ్లెన్ని మిగిలాయో మీరే లెక్కపెట్టండి.

అద్దె ఇళ్ల సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాం. "టు లెట్" బోర్డు చూసి లోపలికి పోతే మొదట అద్దె చెప్పరు. "ఏమిటోళ్లు?" అని అడుగుతారు. చెప్పాక, "మా చుట్టాలు వస్తామన్నారు" అంటారు. అలా మూడు నాలుగు ఇళ్లు తిరిగాక మాలో కొందరం పేరు చివర నాయక్ చెప్పడం మానేశాం. పిల్లలకు "బయట మన బోలి మాట్లాడకండి" అని చెప్పింది కూడా మేమే. ఇది ఎవరి మీదా నెట్టడం లేదు. మీకు గోర్ బోలి రాలేదని ఈ మధ్య సభల్లో పెద్దలు మిమ్మల్ని తప్పుపడుతున్నారు. మీ నోట్లోంచి ఆ మాటలు తీసేసింది మీరు కాదు, అద్దెకు భయపడ్డ మేము. మొన్న తండా నుంచి వచ్చిన దాది మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఏదో చెబుతుంటే, ఆ పిల్ల "దాదీ, తెలుగులో చెప్పవా" అంది. దాదికి తెలుగు సరిగ్గా రాదు. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుని, టీవీ పెట్టుకున్నారు. ఆ నవ్వు మాకు ఇంకా గుర్తుంది.

ఇప్పుడు తీజ్ గురించి. ఈ మాటలన్నీ దానికోసమే.

తండాలో తీజ్ అంటే శ్రావణంలో తొమ్మిది రోజులు. పెళ్లికాని ఆడపిల్లలు దుసేరు తీగతో అల్లిన బుట్టలు తెచ్చుకుంటారు. పుట్టమన్నులో మేక ఎరువు కలిపి బుట్టల్లో నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. నాయక్ ఇంటి ముందు పందిరి వేసి బుట్టలు పెట్టి, రోజుకు మూడుసార్లు నీళ్లు తెచ్చి పోస్తూ పాడతారు. రేగు ముళ్లకు నానిన శనగలు గుచ్చే బోరడి ఝష్కేరో రోజున బావలు, మరుదులు పిల్లల్ని కదిలించి అల్లరి చేస్తారు. చివరి రోజు మొలకలు తెంపి పెద్దల తలపాగాల్లో పెట్టి, మిగతావి నీళ్లలో నిమజ్జనం చేస్తారు. పిల్లలంతా ఏడుస్తారు. ఎందుకు ఏడుస్తారో చిన్నప్పుడు మాకు అర్థమయ్యేది కాదు. పెళ్లయిపోతే వచ్చే ఏడు ఆ పందిరి కింద ఉండరు కదా.

ఇందులో ఒక్కో వస్తువూ ఇక్కడ ఎలా దొరుకుతుందో చూడండి. మా కాలనీలో మొదటిసారి తీజ్ పెట్టినప్పుడు పుట్టమన్ను కోసం తిరిగాం. ఒక ఖాళీ వెంచర్‌లో పుట్ట కనిపిస్తే తవ్వబోయాం. సెక్యూరిటీ అతను వచ్చి, మన్ను దొంగలమనుకుని ఫోటో తీశాడు. దుసేరు తీగ బదులు ప్లాస్టిక్ బుట్టలు కొన్నాం. అడుగున రంధ్రాలు పెట్టడం మరిచిపోతే గింజలు కుళ్లిపోయాయి. నాయక్ ఇల్లు మూడో అంతస్తు కాబట్టి పందిరి టెర్రస్ మీద వేశాం. ఒక చెల్లెలు ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసి వచ్చి, యూనిఫాం తీయకుండానే నీళ్లు పోసి పడుకునేది. మూడుసార్లు పోయాల్సిన నీళ్లలో రెండోసారి పక్కింటి పిల్ల పోసేది. అది నియమమేనా అని ఒక పెద్దాయన అడిగారు. గోధుమలు మొలిచాయి కదా బాపూ, అన్నాం.

ఇక నిమజ్జనం. మొదటి రెండు మూడేళ్లు దగ్గరున్న చెరువుకే పోయాం. అప్పుడు అందులో నీళ్లు నీళ్లలాగే ఉండేవి. తర్వాత కాలనీల మురుగంతా అందులోకే వదిలారు. ఒక ఏడాది గట్టు మీద బుట్టలు పట్టుకుని నిలబడి, ఆ నురగ, ఆ వాసన చూసి, పాట సగంలో ఆగిపోయింది. వెనక్కి తెచ్చి డ్రమ్ములో నీళ్లు నింపి అందులో కలిపాం. ఆ డ్రమ్ము చుట్టూ నిలబడ్డ పిల్లలు ఏడవలేదు. ఎవరికీ ఏడుపు రాలేదు.

ఆ చెరువుతో మాకు ఇంకో లెక్క కూడా ఉంది. మా వీధిలో చాలామందిమి కొన్న ప్లాట్లు దానికి దగ్గరే. రెండు గొడ్లు అమ్మి, చీటీ పాడి, అరవై గజాలు, వంద గజాలు నోటరీ కాగితాల మీద కొన్నాం. అమ్మినవాడు "పంచాయతీ లేఅవుట్, రేపోమాపో రిజిస్ట్రేషన్" అన్నాడు. మేం ఎండాకాలంలో చూశాం, చెరువు దూరంగా ఉంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. ఎల్‌బీ నగర్, మీర్‌పేట వైపు వీధుల్లో పడవలు నడిచిన రోజులవి. ఆ రాత్రి చెరువు మా వంటింట్లోకి వచ్చింది. బియ్యం డబ్బాలు తేలాయి, పిల్లల సర్టిఫికెట్లు తడిశాయి. అద్దెకు ఇల్లివ్వని ఒక ఇంటాయన ఆ రాత్రి మా పదకొండు మందిని పై అంతస్తులో పడుకోబెట్టాడు. ఆయన మారిపోయాడని కథ చెప్పం. మరుసటి ఏడాది తీజ్‌లో రాత్రి పదిన్నరకు డీజే ఆపమని ఫిర్యాదు చేసింది కూడా ఆయనే. అది న్యాయమే, తీజ్‌కు డీజే ఎందుకు? నంగారా ఉంటే చాలు.

నీళ్లు తగ్గాక అధికారులు కొలతలు తీశారు. మా వీధిలో చివరి వరుస ఇళ్లు చెరువు ఎఫ్‌టీఎల్ గీతకు లోపలే ఉన్నాయని చెప్పారు. గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టారు. 2024లో హైడ్రా వచ్చినప్పటి నుంచి బుల్డోజర్ చప్పుడు వింటే ఆ ఇళ్లవాళ్లకు నిద్ర పట్టదు. చెరువు బతకాలని మేమే అంటున్నాం, తీజ్‌కు నీళ్లు కావాలని మేమే అడుగుతున్నాం, ఆ చెరువులో ఇల్లు కట్టుకున్నదీ మేమే. ఈ ముడి ఎలా విప్పాలో మా నలుగురికీ ఒక మాట కుదరలేదు. ఒకరు నష్టపరిహారం ఇస్తే లేచిపోదామంటారు. ఇంకొకరు, పెద్దవాళ్ల ప్రహరీలు కూల్చాక మా దగ్గరికి రమ్మంటారు. ఇద్దరి మాటలోనూ పస ఉంది.

మీలో చాలామంది ఈ రెండు మూడేళ్లలో ప్లాటో ఫ్లాటో కొంటారు. అందుకే మా తప్పు మీకు ఉపయోగపడనివ్వండి. ఎండాకాలంలో చూసిన భూమిని వానాకాలంలో ఇంకోసారి చూడండి. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, సర్వే నంబరు పట్టుకుని వెతకండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి మరో 30 మీటర్లు బఫర్ అని గుర్తుంచుకోండి. ఈసీ తీయండి, లింకు డాక్యుమెంట్లు అడగండి, నిషేధిత భూముల 22-ఎ జాబితాలో ఉందేమో చూడండి. నోటరీ కాగితం చూపించి "మన తండా వాడినే కదా, నమ్మవా" అనేవాడు ఎవరైనా సరే, మా చుట్టమైనా సరే, లేచి వచ్చేయండి. మాకు అమ్మినవాడు కూడా జై సేవాలాల్ అనే పలకరించాడు.

తండా సంగతి కూడా ఒకటి. 2018లో మా తండా సొంత గ్రామపంచాయతీ అయింది. అప్పటికే సగం ఇళ్లకు తాళాలు. ఓట్లకు బస్సులో పోయి, వేసి, అదే రోజు వెనక్కి వస్తున్నాం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు టికెట్ లేదు కాబట్టి మా యాడీలు మాత్రం నెలకు రెండుసార్లు వెళ్లొస్తున్నారు. వాళ్లు తెచ్చే సంచిలో జొన్నపిండితో పాటు ఈ మధ్య ఇంకొకటి కూడా ఉంటోంది. పుట్టమన్ను. పాత చీర ముక్కలో మూటకట్టి తెస్తున్నారు. కండక్టర్ అడిగితే "మొక్కలకు" అని చెబుతున్నారట.

ఆ మూటలతోనే ఈసారి తీజ్ చేయాలని సంఘం అనుకుంది. బుట్టలు కూడా తండాలోనే అల్లిస్తున్నాం. దుసేరు తీగ కోయడం తెలిసిన ముసలివాళ్లు ఇంకా ముగ్గురున్నారు. వాళ్ల దగ్గర నేర్చుకోవడానికి మీలో నలుగురైదుగురు రావాలి. నిమజ్జనం డ్రమ్ములో వద్దనుకున్నాం. తొమ్మిదో రోజు తెల్లవారుజామున బుట్టలతో బయల్దేరి, తండా కింద ఉన్న పాత బావికి పోదాం. నిరుటి వానలకు అందులో నీళ్లు నిలిచాయి. వచ్చిపోవడానికి రెండు వ్యాన్లు మాట్లాడాం. నైట్ డ్యూటీ ఉన్న చెల్లెళ్లు ఆ రోజుకు ఇప్పుడే సెలవు పెట్టుకోండి, తర్వాత ఇవ్వరు.

పాటలు రాని పిల్లల కోసం ఆదివారాలు సాయంత్రం ఐదింటికి టెర్రస్ మీద దాదీలు కూర్చుంటారు. వాళ్లకు తెలుగు సరిగ్గా రాదు, మీకు బోలి రాదు. పాట దగ్గర అది పెద్ద అడ్డం కాదని మా అనుభవం. చాపలు మేం తెస్తాం, మీరు మంచినీళ్ల సీసా తెచ్చుకోండి. కింద ట్యాంకులో ఈ వారం నీళ్లు రాలేదు.