కొనేముందు కొలవండి: నాన్నగారి బుల్లెట్టు కథ

సింగపూరు పడమటి కొసన ఉన్న తువాస్ నుంచి మాట్లాడుతున్నాను. నా ఉద్యోగం కంప్యూటర్లతో. ఇక్కడి ఫ్యాక్టరీలకు సాఫ్ట్‌వేర్ అమర్చే పని మీద రోజూ తువాస్ వస్తుంటాను. ఈ రోజు మాత్రం, ఊళ్ళో మూలపడిన పాత మోటారుసైకిలు ఇంజిన్ని తక్కువ ఖర్చుతో ఎలా బతికించుకోవచ్చో చెబుతాను.

మనలో చాలామంది ఇళ్ళలో అలాంటి బండి ఒకటి ఉంటుంది. బుల్లెట్టో, రాజ్‌దూతో, యెజ్డీయో. పాత ఇనుము కొనేవాడు బేరమాడినప్పుడల్లా అమ్మ ఫోన్ చేసి "ఇచ్చెయ్యమంటావా?" అని అడుగుతుంది. మా ఇంట్లోనూ అదే జరిగింది. మాది 1970ల నాటి బుల్లెట్ 350. తెనాలి దగ్గర మా ఊళ్ళో 12 ఏళ్ళు కదలకుండా ఉంది. ఇవ్వొద్దన్నాను. అయితే ఇంజిన్ మీద 30,000 రూపాయలకు మించి పెట్టనని మా ఆవిడకు మాటిచ్చాను.

సింగపూరు తెచ్చుకోవచ్చుగా అంటారు కొందరు. ఇక్కడ బండి నడపాలంటే సీఓఈ కావాలి. 1990లో పెట్టిన పద్ధతి ఇది. చెల్లుబాటు పదేళ్ళు. మోటారుసైకిలు సీఓఈ 2022లో 10,000 డాలర్లు దాటింది. అందుకని బండి ఊళ్ళోనే ఉంచి, సెలవుల్లో బాగుచేయిద్దామనుకున్నాను.

బుల్లెట్టుతో మనకు ఒక అదృష్టం ఉంది. ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో మద్రాసులో మొదలైంది. ఇంగ్లండులో అసలు కంపెనీ 1970 ప్రాంతంలో మూతపడినా, మన దగ్గర ఆ పోత ఇనుము ఇంజిన్ పెద్ద మార్పులు లేకుండా 2000 దశకం చివరి దాకా తయారైంది. అందుకే సామాను ఇప్పటికీ దొరుకుతుంది. మా జిల్లాల వాళ్ళకు విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. దొరుకుతుంది కదా అని అన్నీ కొనేస్తే మాత్రం జేబు ఖాళీ.

ఊళ్ళో మెకానిక్ ఒకాయన ఫోన్‌లోనే తేల్చేశాడు: "బ్లాకు, హెడ్డు, క్రాంకు అన్నీ మార్చాలండీ." విప్పి చూడకుండా చెప్పిన మాట అది. తువాస్‌లో లేత్ మీద పనిచేసే శ్రీకాకుళం తమ్ముడు ఒకతనికి ఈ సంగతి చెబితే నవ్వాడు. "అన్నయ్యా, ముందు కొలువు, తర్వాత కొను" అన్నాడు. రెండు ఆదివారాలు కూర్చోబెట్టి, పాత పైపు ముక్కల మీద మైక్రోమీటరు, ఫీలర్ గేజి పట్టుకోవడం నేర్పాడు. ఈ చదువుకు నాకైన ఖర్చు రెండు బిర్యానీలు.

ఏళ్ళ తరబడి ఆగిన బండిని కిక్కు కొట్టి చూడకండి. ఈ ఇంజిన్లో ఆయిలు పంపు గుండా మెల్లగా కారి క్రాంకు గదిలోకి చేరుతుంది. ముందు దాన్ని తీసెయ్యాలి. ప్లగ్గు విప్పి కాస్త డీజిలు పోసి, రెండు మూడు రోజులు ఆగి, మెల్లగా తిప్పాలి. విప్పుతున్నప్పుడు ప్రతి దశలో ఫోటో తీసి, ప్రతి బోల్టునీ పేరు రాసిన డబ్బాలో వేశాను. మా కంప్యూటర్ల వాళ్ళకి బ్యాకప్ లేనిదే నిద్రపట్టదు కదా!

తర్వాత కొలతలు. బుల్లెట్ 350 బోరు 70 మిల్లీమీటర్లు. పైన, మధ్యలో, కింద, అటూ ఇటూ కొలవాలి. ఎక్కువ అరుగుదల పైన, రింగు వెనక్కి తిరిగే చోట ఉంటుంది. మాది అరిగింది గానీ బ్లాకు మార్చనక్కరలేదు, బోరింగ్ చేయిస్తే చాలు. ఇక్కడో చిన్న జాగ్రత్త. పెద్ద సైజు పిస్టన్ ముందు కొని బోరింగ్ చేసే ఆయన చేతికివ్వండి. ఆ పిస్టన్ని కొలిచి, దానికి తగ్గ సందు వదిలి బోరు చేస్తాడు.

కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకు కాస్త ఊగితే ఫరవాలేదు, పైకీ కిందికీ ఆట ఉండకూడదు. మాకు ఉంది. అందుకని బిగ్ ఎండ్ మార్పించాను. హెడ్డు బాగానే ఉంది. వాల్వు గైడ్లు మాత్రం కొత్తవి వేయించాను. ఆయిలు పంపు, గొట్టాలు, ఆయిలు వెళ్ళే దారులన్నీ కిరసనాయిలుతో నేనే కడిగాను. అడుగున పేరుకున్న నల్లటి మడ్డి చూస్తే, కొత్త బేరింగు వేసినా ఎన్నాళ్ళు ఉండేదో అనిపించింది.

కంటికి కనిపించని చోటే డబ్బు పెట్టండి. బేరింగులు, బోరింగ్, ఆయిలు పంపు దగ్గర పొదుపు చేస్తే రెండోసారి విప్పాలి. క్రోమియం మెరుపు, ట్యాంకు రంగు వచ్చే ఏడాది చూసుకోవచ్చు. మా బుల్లెట్టుకి ఈనాటికీ పాత రంగే. ఇంజిన్ ఖర్చు మాత్రం మాటిచ్చిన హద్దు దాటలేదు.

బాగుచేశాక తొందరపడకండి. మొదటి 500 కిలోమీటర్లు నెమ్మదిగా, గంటకు 40, 50 దాటకుండా నడిపి, తొందరగా ఒకసారి ఆయిలు మార్చండి. నేను ఆ 500 పూర్తి చేయలేదు, సెలవు అయిపోయింది. మిగిలినవి మా తమ్ముడు నడిపాడు. నాన్నగారికి ఇప్పుడు కిక్కు కొట్టే ఓపిక లేదు. వెనక కూర్చుని, శబ్దం వింటూ, "టాపెట్లు కాస్త సరిచెయ్యాలిరా" అంటారట.

ఈసారి ఇంటి నుంచి ఆ ఫోన్ వస్తే, ధర ఎంతని అడక్కండి. ఇంజిన్ తిరుగుతోందా, బిగుసుకుపోయిందా అని అడగండి. బిగుసుకుపోయినా కంగారు పడకండి. ఒక్క సెలవు దాకా ఆగమని చెప్పండి.